మూడు మైకులు, ఒక గొంతు

1991 ఆగస్టు అయిదో తేదీ ఉదయం మా బస్ స్టేషన్ ప్రకటనల విభాగంలో చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా సీనియర్ అనౌన్సరుగారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని సంచిక కమిటీవారు నన్ను ఆదేశించారు. విభాగంలో వారి వెనుక మిగిలేది నేనొక్కడినే కనుక ఈ బాధ్యత నాకు తప్పలేదు. ఉన్న మాట చెప్పాలంటే, పొద్దస్తమానం బస్సుల రాకపోకలు చెప్పీ చెప్పీ అలసిన నోటికి అభినందన వాక్యాలు అంత తేలిగ్గా రావు. అయినా వీరి గురించి రాయకుండా ఊరుకుంటే నాకు మనశ్శాంతి ఉండదు. వీరి అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ వీరు మైకమ్మగారే.

ప్లాట్‌ఫారాలకు పైన కట్టిన అద్దాల గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒకే ఒక్క ఫ్యాను, కిటికీ సందుల్లోంచి వచ్చే డీజిలు పొగ: ఇదే వారి కార్యక్షేత్రం. తప్పిపోయిన పిల్లల తల్లిదండ్రులను పిలిచేటప్పుడు వారి కంఠంలో ఎంతటి నిబ్బరం ఉండేదంటే, మా గదిలో ఏడుస్తూ కూర్చున్న పిల్లలు సైతం ఏడుపు మాని వారి ముఖం వైపు చూసేవారు. 'మీ సామాన్లు మీరే జాగ్రత్తగా చూసుకోండి' అంటూ వారు క్యాసెట్టులో రికార్డు చేసిన హెచ్చరిక ఏళ్ల తరబడి ఈ ప్రాంగణంలో మార్మోగింది. 1999లో వారు సీనియర్ అనౌన్సరుగా పదోన్నతి పొందారు.

ఆ తరువాత కొన్నేళ్లకు వారి గొంతు మెల్లమెల్లగా బొంగురుపోయింది, మాట సాగదీతగా మారింది. 'ఆవిడ చెప్పడం పూర్తయ్యేలోపు బస్సు పొలిమేర దాటుతోంది' అని ప్రయాణికులు ఫిర్యాదులు చేశారు. మన సంస్థలో ఫిర్యాదు ఏదైనా ఏదో ఒక సామగ్రి పేరు మీదే నమోదు కావాలి; ఫిర్యాదు ఫారంలో మనిషికంటూ గడి లేదు. కనుక అవన్నీ నేరుగా ఎలక్ట్రికల్ విభాగానికి వెళ్లాయి. ఆ విభాగంవారు మైకు మార్చారు. ఫలితం లేకపోతే ఇంకోటి మార్చారు. ఆంప్లిఫయరు విప్పి మళ్లీ బిగించారు. మండు వేసవిలో మైకమ్మగారు శాలువా కప్పుకుని ఫ్యాను ఆపేస్తే, నేను చెమటలు కక్కుతూ మళ్లీ వేసేవాడిని. ముఖం ఉబ్బింది, జుట్టు ఊడింది, కుర్చీలోనే కునుకు పట్టేది. ఆవలిస్తూ ఎవరు కనబడ్డా 'మైకమ్మ పూనిందా' అని క్యాంటీనులో నవ్వుకునేవారు. వీధిచివరి వైద్యుడు వయసన్నాడు, బలానికి టానిక్కు రాశాడు. ఇంట్లో ఆయన 'ఇల్లూ ఉద్యోగమూ అంటే ఆమాత్రం నీరసం ఉండదా' అన్నారట.

మూడో మైకు బిగించిన రోజు మా మెకానిక్‌కు ఓపిక నశించింది. పరికరాలు బాగున్నాయో లేదో తేల్చుకోవాలని ఆ పాత క్యాసెట్టు పెట్టాడు. కొత్త మైకు ముందు టేపు రికార్డరు ఉంచి మీట నొక్కాడు. ప్రాంగణమంతా గంట కొట్టినట్టు ఖంగుమంది. మెకానిక్ చేతులు దులుపుకున్నాడు.

"చూశారా సార్! మైకుకేం రోగం? బ్రహ్మాండంగా ఉంది."

మేనేజరుగారు మైకమ్మగారి వైపు తిరిగారు. మైకమ్మగారు మాత్రం స్పీకరు వైపు చూస్తూ మెల్లగా అడిగారు.

"తమ్ముడూ... ఎవరిదయ్యా ఆ గొంతు? నాదేనా?"

"మీదే అక్కయ్యా."

"అబ్బ, ఎంత హుషారుగా ఉన్నానో!"

ఆ మాట విని మాకెవరికీ నవ్వు రాలేదు. "రేపే పెద్దాసుపత్రికి వెళ్లండమ్మా, సెలవు నేను రాస్తాను" అన్నారు మేనేజరుగారు. ఈ వారం మనుషులు తక్కువగా ఉన్నారు, పై వారం వెళ్తానన్నారు వీరు. ఆ పై వారం రాకముందే, చలి ముదిరిన ఒక ఉదయం, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి ఆగిపోయారు. మైకు తెరిచే ఉంది. కింద జనం తలలెత్తి విజ్ఞప్తి ఏమిటా అని ఎదురుచూస్తున్నారు. బల్ల మీద వాలిన వారి చేయి పట్టుకుంటే మంచుముద్దలా ఉంది. పిలిస్తే పలుకు లేదు.

థైరాయిడ్ గ్రంథి ఏళ్ల క్రితమే మందగించిందని, ఆ హార్మోను అందక ఒళ్లంతా నెమ్మదిగా చల్లబడుతూ వచ్చిందని ఆసుపత్రిలో చెప్పారు. "ఇన్నాళ్లూ ఎవరూ ఒక్క రక్తపరీక్ష చేయించలేదా? ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు" అని డాక్టరమ్మ కసిరారు. మూడు మైకులు మార్చామని ఆమెతో ఏం చెబుతాం!

తెలివి వచ్చి కోలుకుంటున్న వారిని చూడటానికి వెళ్తే, సంతోషానికి బదులు కన్నీళ్లు కనిపించాయి.

"మా అక్కకీ అచ్చం ఇలాగే ఉండేది తమ్ముడూ. ఎప్పుడూ చలి, ఎప్పుడూ నిద్ర. మొద్దు, బద్ధకిష్టి అని ఇంటిల్లిపాదీ తిట్టాం. నేనూ తిట్టాను. నలభై నాలుగో ఏట నిద్రలోనే పోయింది. గుండె ఆగిందన్నారు, సరేననుకున్నాం."

అక్కగారిని అప్పుడెవరూ పరీక్షించలేదు కనుక అదే జబ్బని రూఢిగా చెప్పలేమని, కానీ ఇది కుటుంబాల్లో వచ్చే అవకాశం ఉందని డాక్టరమ్మ అన్నారట. ఇల్లు చేరగానే వీరు చేసిన మొదటి పని అక్కగారి అమ్మాయిని రక్తపరీక్షకు లాక్కెళ్లడం. ఆ పిల్లకూ అదే ఉందని తేలింది. "పిన్నీ, నాకు బద్ధకం కాదన్నమాట!" అని ఆ అమ్మాయి ఆసుపత్రి వరండాలోనే వెక్కివెక్కి ఏడ్చిందని విన్నాను.

ఉదయం పరగడుపున ఒక చిన్న మాత్రతో వీరి గొంతు చాలావరకు తిరిగి వచ్చింది. ఆ తరువాత వీరు దీర్ఘకాలం నిర్విరామంగా సేవలందించి, ఎందరో కొత్త అనౌన్సర్లను తీర్చిదిద్ది ఇతర బస్ స్టేషన్లకు పంపారు. ఎవరైనా నీరసమంటే చాలు, పరీక్ష కాగితం చూపించేదాకా వదిలిపెట్టరు. ఆ చాదస్తం వల్ల ముగ్గురికి జబ్బు బయటపడింది, మిగతావాళ్లం విసుక్కున్నాం. ఫిర్యాదు ఫారంలో మనిషికి గడి మాత్రం ఇప్పటికీ లేదు. అడిగి అడిగి నాకూ విసుగొచ్చింది.

మొన్న టీ తాగుతూ, విరమణ తరువాత ఏం చేస్తారని అడిగాను. గ్లాసు కింద పెట్టి బస్సుల వైపు చూశారు.

"ఏముంది తమ్ముడూ! అక్క నాకంటే అయిదేళ్లు పెద్దది. ఇప్పుడు దానికంటే నేనే ఎంతో పెద్దదాన్నయిపోయాను. అది చూడని వయసంతా నేనే చూస్తున్నాను."

మైకమ్మగారూ, ఆయురారోగ్యాలు అని ఊరికే రాసి సంతకం పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. మాత్ర మరువకండి, చలిగా ఉంటే చలని చెప్పండి. ఇంకా చాలా ఏళ్లు మీరు మీ అక్కగారికి అక్కగా వర్ధిల్లాలి.