రొట్టెల రేకుతో పలకరింపు

జూలై పదకొండు, గురువారం, సాయంత్రం ఆరుంబావు. మా ఇంటి సంగతులు నోటుబుక్కులో రాసి పెట్టుకోవడం నాకు అలవాటు, అందుకే ఇంత కచ్చితంగా చెబుతున్నాను. మా తోటికోడలు నర్సు. తుంటి ఆపరేషనుకి పై దేశం వెళ్తున్న ఒక పెద్దావిడకి తోడుగా, నెల్లాళ్ళ పని మీద, ఆ రోజు తెల్లవారుజామున విమానం ఎక్కింది. ఒంటరిగా దేశం దాటడం ఆమెకి అదే మొదలు. ఒంటిగంటకి దిగాలి, దిగగానే ఫోను చేస్తానంది. ఆరుంబావైనా ఫోను లేదు.

ఆమె మొగుడు, మా మరిది మాత్రం వరండాలో కుర్చీ వేసుకుని కోతలు కోస్తున్నాడు. అతను బేకరీలకి పొయ్యిలు బిగించే మేస్త్రీ. ఎనిమిదేళ్ళ కిందట పదకొండు రోజులు పై దేశంలో పొయ్యి బిగించి వచ్చాడు. ఆ పదకొండు రోజులు మా ఇంట్లో ఇంకా పూర్తికాలేదు.

వినేవాళ్ళు ముగ్గురు. నిరుడు గుండెకి వైద్యం చేయించుకున్న మా అత్తయ్య, మెట్టు మీద కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్న పక్కింటి దర్జీ అన్నయ్య, రిటైరైన పోస్టుమాన్ బాబాయి. అందరి చూపూ మరిది ఒళ్ళోని ఫోను మీదే. నేను గేటుదాకా వెళ్తున్నాను, వస్తున్నాను.

"పై దేశం వెళ్ళినవాడు ఇంటితో మాట్లాడటం ఓ విద్య బాబాయ్. నేను రోజూ సాయంత్రం ఏడింటికి, గంట కొట్టినట్టు ఫోను చేసేవాణ్ణి. ఒక్కరోజు తప్పితే ఒట్టు."

ఆ పదకొండు రోజుల్లో అతను ఫోను చేసింది ఒకే ఒక్కసారి. నా పుస్తకంలో ఉంది. కానీ ఆ కుర్చీ అప్పటికే నాలుగు చోట్లకి మారింది, అతని మోకాలు కుట్టుమిషను పెడలులా ఆడుతోంది. అందుకే నేను పుస్తకం తెరవలేదు.

"మూడోరోజు సిగ్నలు పోయింది. ఇంకొకడైతే ఏడుస్తూ కూర్చునేవాడు. నేనేం చేశాను? రొట్టెలు కాల్చే రేకు ఒకటి పొగగొట్టం చివర నిలబెట్టి, దానికి ఫోను ఆనించాను. వదినా, గేటు దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"లేదు బాబూ."

"ఆఁ. ఆ రేకు ఎంత గట్టిగా పట్టిందంటే, ఇక్కడ మా ఇంటిది తాలింపు వేస్తే అక్కడ నాకు చిటపట వినపడింది!"

"వినపడే ఉంటుందిలే," అన్నాడు దర్జీ అన్నయ్య, దారం కొరుకుతూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంగతి ఊరంతా పాకింది. మూడువందల మంది వరసలో నిలబడ్డారు, మా అమ్మతో మాట్లాడించు, మా తమ్ముడితో మాట్లాడించు అని. ఎవరిని కాదనను? ఒక్క రేకు మీద మూడువందల ఇళ్ళు. ఒకరి మాట ఒకరికి వెళ్ళకుండా చేత్తో విడదీసేవాణ్ణి, నువ్వు ఉత్తరాలు వేరు చేసినట్టే బాబాయ్."

"నాకు బీటుకి రెండువందల ఇళ్ళేరా. నీదే పెద్ద బీటు," అన్నాడు బాబాయి.

మరిది ఫోను తీసి చూసి, తుడిచి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒరే, నువ్వే ఓసారి చెయ్యరాదూ," అంది అత్తయ్య, ఏడోసారి.

"చేశానమ్మా. చేసినప్పుడల్లా ఫోను విమానం అనే చెబుతోంది. అంటే ఆవిడ ఇంకా గాల్లోనే ఉందన్నమాట. పైన రద్దీగా ఉండి ఉంటుంది. విను మరి. తొమ్మిదోరోజు మాట్లాడుతుంటే మాడువాసన! అక్కడ పొయ్యే వెలిగించలేదు, వాసన ఎక్కడిది? మా ఇంట్లోది! ఇది పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. కేక పెడితే వినిపించుకోదు. ఏం చేయను? రేకులోంచి చెయ్యి పెట్టాను…"

"రేకులోంచా?" అంది అత్తయ్య.

"మోచేతిదాకా! తడుముకుంటూ, మన వంటింటి గట్టు అందుకుని, పొయ్యి కట్టేసి, అంత దూరం వెళ్ళాను కదా అని దాని నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేసి వచ్చాను!"

దర్జీ అన్నయ్య సూది చొక్కాకి గుచ్చేసి లేచాడు.

"సముద్రాలు దాటి పొయ్యి కట్టేసిన చెయ్యి కదా, ఇప్పుడు ఒక్కసారి చాచి మా చెల్లెమ్మ ఎక్కడుందో తడుము తమ్ముడూ. పొద్దుట్నించీ మీ అమ్మ ముద్ద ముట్టలేదు."

మరిది ఫోను మళ్ళీ తుడవబోయాడు. అన్నయ్య అతని ఒళ్ళోంచి ఫోను తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఈ మూల విమానం బొమ్మేమిటి?"

"అదా… ఎక్కేటప్పుడు అది చెప్పింది, ఫోనుకి విమానం గుర్తు పెట్టాలట. తను పెట్టుకుంది కదా, ఇద్దరం జంటగా ఉంటామని నేనూ పెట్టాను. అది దిగగానే ఇక్కడ ఈ గుర్తు దానంతటదే పోతుందనుకున్నా."

"పోదు నాయనా. అది ఉన్నంతసేపూ నీకు ఎవరి ఫోనూ రాదు."

ఇంట్లో ఉన్న రెండో ఫోను నాది. రెండూ మోగితే తోటికోడలు తికమక పడుతుందని, పొద్దున్నే మాట తీసుకుని మరీ దాన్ని కట్టేయించి బీరువాలో పెట్టించాడు మరిది. ఇచ్చిన మాట కదా అని, సాయంత్రం లోపు రెండుసార్లు బీరువా దాకా వెళ్ళి తాళం ముట్టుకుని తిరిగి వచ్చాను. దేవుడా, నన్ను క్షమించు.

సరిగ్గా ఏడింటికి అన్నయ్య ఆ బొమ్మ నొక్కాడు. ఫోను ఒళ్ళు విదిలించుకున్నట్టు మోగింది, ఇరవై ఆరు సార్లు. వచ్చిన మెసేజీలన్నీ బాబాయి అలవాటైన పనిలా వరసగా చదివాడు. దిగాను. ఆసుపత్రి మనిషి రాలేదు. వచ్చాడు. పెద్దావిడ బాగుంది. మీరు పలకరేం? అక్కా పలకడం లేదు. అత్తయ్యకి ఏమైనా అయిందా? నిజం చెప్పండి. చివరిది వచ్చి పది నిమిషాలు. "అత్తయ్యకి ఏదో అయింది, నాకు చెప్పడం లేదు. వేరే నర్సుని చూసుకోమని వీళ్ళకి చెప్పబోతున్నాను. రేపటి విమానానికి వచ్చేస్తాను."

మరిది ఫోను లాక్కుని చేశాడు. మొదటి గంటకే ఎత్తింది.

"నేనే," అన్నాడు. అంతే. మూడువందల ఇళ్ళకి మాటలు విడదీసినవాడికి రెండో మాట దొరకలేదు. అత్తయ్యే చెయ్యి చాచి ఫోను అందుకుంది.

"అమ్మాయ్, నేను గుండ్రాయిలా ఉన్నాను. నీ మొగుడే, నువ్వు విమానం దిగినా తను దిగలేదు. వాళ్ళకి చెప్పేశావా?"

"వాళ్ళ గది ముందే నిలబడి ఉన్నాను అత్తయ్యా. తలుపు కొట్టబోతున్నాను."

"కొట్టకు. పో, ఏమైనా తిను."

అత్తయ్య కూడా అప్పుడే కంచం పెట్టమంది.

మర్నాడు పొద్దున్న మరిది వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "వదినా, పుస్తకంలో ఫోను రానిది ఆరుగంటలని రాయకు, అరగంటని రాయి," అన్నాడు. నేను ఐదూ ముప్పావు గంటలని రాశాను. పదిహేను నిమిషాలు అతనికి వదిలేశాను. అత్తయ్య కోడలి మందుల డబ్బాలోంచి గాయాలకి అంటించే పట్టీ ఒకటి తీసి, మరిది ఫోనులో విమానం బొమ్మ ఉన్న చోట గట్టిగా నొక్కి అంటించింది.