వెనక్కి తిరిగిన జీడిపిక్కలు

కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా పోలారావు టీకొట్టు. పదకొండింటికి పిక్కలు కొట్టే ఆడవాళ్ళు టీకి బయటికొస్తారు. అప్పలసూరి సరిగ్గా ఆ వేళకే కథ ఎత్తుకుంటాడు. ఊ కొట్టేది ఆటో కొండబాబే గాని, చెప్పేది మాత్రం ఆ ఆడవాళ్ళలో బల్ల చివర కూర్చున్న చిన్నతల్లికి. పన్నెండేళ్ళు అప్పలసూరీ ఆవిడా ఒక్క పాటల బృందంలో పాడారు. పాటల వీడియో సీడీ తీసిన దగ్గర్నుంచి, అంటే రెండేళ్ళుగా, ఆవిడ పాటకి నోరు విప్పలేదు. ఆదివారం నందిగాంలో ప్రోగ్రాం. ఆ గొంతు పక్కన లేకపోతే అప్పలసూరి గొంతు ఒంటెద్దు బండే.

"ఆ సీడీ ఎవులు తీసారనుకున్నావు? నానే. అట్ట మీద నా పేరెయ్యలేదు ఆ ఇశాపట్నం కంపెనీవోడు, సచ్చినా మరిసిపోను, సరే అదలా ఉండనీ. సినిమాల్లో ఆడదాని నడుం మీద పళ్ళిసురుతారు కదా, మనం జీడిపిక్కలు ఇసురుదామన్నాను. ఎందుకు? ఎటకారానికి. ఆల్ల బుద్ధి ఆల్లకే సూపించడానికి."

"ఎటకారమని సూసినోడికి ఎలా తెలస్తాది మావా?" అన్నాడు కొండబాబు.

"తెలీకపోడమేటి? ఇను. దోసెడు పిక్కలు ఇసిరాను. సిన్నతల్లి నడుం జానెడు దూరం ఉందనగా గాల్లో ఆగిపోనాయి. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఎనక్కి తిరిగాయి. నోరెల్లబెట్టి సూత్తన్న కెమెరావోడి నుదుటి మీద ఠప్పుమని ఒకటి. జీడి సొన తగిలితే ఊరుకుంటాదేటి, కాలి మచ్చ పడిపోనాది. లైట్లోడికొకటి. గోడెక్కి సూసినోల్లకి తలా ఒకటి."

"దోసెడు పిక్కలు అంతమందికి సరిపోనాయేటి?" గ్లాసులు కడుగుతూ అడిగాడు పోలారావు.

"దోసెడని ఎవులన్నారు, బస్తా. బస్తా కాదు, లారీ. ఉద్దానం తోటల్లో సెట్టు మీదున్న పిక్కలు కూడా తెంపుకొని ఆటి ఎనకాల బయల్దేరాయి. సీడీ ఎక్కడాడితే అక్కడికి. నౌపడలో టీవీ ముందు ఈలేసినోడికి, ఆ ఈల సగంలో ఉండగానే తగిలింది. ఉప్పు మళ్ళ మీంచి ఎల్తంటే మూడ్రోజులు ఎండ లేదు, ఉప్పు పండలేదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో తెలుగు రానోడికి కూడా ఎటకారం అర్థమైపోనాది. ఆడదాని నడుం వంక సూసినోడు ఈ జిల్లాలో ఎవుడైనా సరే, నుదుటి మీద మచ్చ లేనోడు లేడు."

అందరూ నవ్వారు. అప్పలసూరి ఓరకంట బల్ల చివరికి చూశాడు. ఇదివరకు కోత ఇంత ఎత్తుకెళ్తే చిన్నతల్లి ఫక్కున నవ్వి, ఆ నవ్వులోంచే పల్లవి అందుకునేది. ఆ నవ్వు కోసమే ఈ లారీలన్నీ.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. జీడి సొన కాల్చి కాల్చి వేళ్ళు నల్లగా ఉన్నాయి.

"సివరికంటా ఇన్నాను బావా. బాగుంది. మరి ఆ సీడీ తీసిన్నాడు నువ్వు బుట్టలో తెచ్చినవి కొట్టిన పిక్కలు. సొన కారతన్నాయని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కెమెరాలో మెరుత్తాయన్నావు. అంతమందిలో మచ్చ పడింది నా నడుం ఒక్కదానికే. మొన్న సంతలో ఎవుడో నా మీద పిక్క ఇసిరి ఆ పాటే పాడాడు. ఆడికి తెలుసేటి, ఎటకారమని?"

"నవ్వించడానికే సేసాను మరదలా."

"నవ్వారు. ఎవుల్ని సూసి?"

కొండబాబు తల దించుకుని టీ ఊదుకున్నాడు. ఫ్యాక్టరీ కూత వేసింది. ఆడవాళ్ళు లేచారు.

"ఆదివారం నందిగాం..." అన్నాడు అప్పలసూరి.

చిన్నతల్లి గేటు దగ్గర ఆగింది. "ఇన్ని పిక్కలు ఇన్ని ఊళ్ళు తిరిగాయి కదా. ఒక్కటి నీ నుదుటికి కూడా తగిలిందని సెప్పు బావా. అది సెప్పిన రోజు పాడతాను."

అప్పలసూరి నోరు తెరిచాడు. ఒడిశా దాకా వెళ్ళిన నోరు, గేటు దాకా పోలేకపోయింది. ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

కాసేపటికి గోడవతల ఆడవాళ్ళు పిక్కలు కొడుతూ పాట ఎత్తుకున్నారు. అప్పలసూరి చెవి రిక్కించి ఒక్కో గొంతూ వెతికాడు. ఆ గొంతు లేదు. మెల్లగా చెయ్యెత్తి నుదురు తడిమి చూసుకున్నాడు. నున్నగా ఉంది.