వాసవీకుమారి గారు దిద్దమన్న చంద్రుడి పాఠం

పెద్దలారా, అమ్మలారా, వాసవీకుమారి గారి భర్త బాబూరావు గారూ!

ఇంత ఎండలో బరంపురం నాలుగు మూలల నుంచీ, కొడల ఊరి నుంచీ వచ్చారు. ఈ హాల్లో ఈ ఏడాది నేను మాట్లాడుతున్న మూడో సంతాప సభ ఇది. ఇక ఓపిక లేదు. అయినా వాసవీకుమారి గారి గురించి నేను చెప్పకపోతే ఎలా? ఇరవై రెండేళ్లు పక్కపక్క గదుల్లో సైన్సు చెప్పాం.

ఆవిడకు ప్రాణం చంద్రుడి పుట్టుక పాఠం. నాలుగున్నర వందల కోట్ల ఏళ్ల కిందట, అప్పుడే రూపు కడుతున్న భూమిని అంగారకుడంత గోళం గుద్దింది. రాళ్లు కరిగి, ఎగిసి, భూమి చుట్టూ తిరిగి, ముద్దకట్టి చంద్రుడయ్యాయి. అలా జరిగి ఉండొచ్చు, అనేవారు. ఆ "ఉండొచ్చు" ఎన్నడూ వదల్లేదు.

ఒకసారి సముద్రం ఒడ్డు పల్లెలో ఈ పాఠం చెప్పారు. చేపలమ్మే కాసమ్మ గారు లేచారు. "ఎగిరిన రాళ్లు మళ్లీ కిందే పడాల కదమ్మా? పైనెలాగ ఉండిపోనాయి?" అందరూ నవ్వారు. వాసవీకుమారి గారు నవ్వలేదు. "నాకు సరిగ్గా తెల్దు పిన్నీ. సదివొచ్చి సెప్తాను" అన్నారు. మరిచిపోయారా? పదిహేను రోజులకు బస్సెక్కి మళ్లీ వెళ్లారు. చాలా రాళ్లు కిందే పడ్డాయి, ఒకదాన్నొకటి లాక్కుని దారి మళ్లినవే పైన మిగిలాయి, అని ఒక్క కాసమ్మ గారికి చెప్పడానికి వెళ్లారు. ఇదిగో, కాసమ్మ గారు ముందు వరసలోనే ఉన్నారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

పోయిన నెల ఆసుపత్రిలో నన్ను పిలిచి అన్నారు: "లోకనాథ్ బాబూ, సంద్రుడు ముద్దకట్టడానికి ఏళ్లు పట్టిందని సెప్పినాం. కొన్ని గంటల్లోనే అయ్యుండొచ్చని కంప్యూటర్ లెక్కల్లో తేలిందట. పిల్లలకి రెండూ సెప్పు." అలాగే మేడమ్ అన్నాను. పరీక్షలు, పేపర్లు దిద్దడం. చెప్పలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు "సెప్పినావా?" అని అడిగారు. చెప్పానన్నాను. అబద్ధం. ఆవిడ కళ్లు వెలిగాయి. "పిల్లలేటన్నారు?"

తల దించుకున్నాను. ఆవిడకు అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని "అలిసిపోనావు. ఇంటికెల్లు" అన్నారు. నాలుగో రోజున పోయారు.

మొన్న సోమవారం తొమ్మిదో తరగతిలో చెప్పాను. రింకి అనే అమ్మాయి "అంత పెద్ద సంద్రుడు గంటల్లోనా సార్!" అని బెంచీ మీంచి లేచిపోయింది. బాబూరావు గారూ, పిల్లలు అన్నది ఇదీ. ఆవిడకు చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను.

ఇంక నా వల్ల కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కూర్చునే ఉండండి. మిగిలినవాళ్లం ఆవిడ కోసం లేద్దాం. రెండు నిమిషాలు ఎవరం ఏమీ మాట్లాడొద్దు.