జంట విగ్రహం

చనిపోయిన మొగుడి సమాధి మీదికి కొడుకు చేయిస్తున్న జంట విగ్రహాన్ని చూడ్డానికి, నంద్యాల ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ ఆమె ఆళ్లగడ్డ శిల్పి దగ్గర ఆగింది.

"ఆయప్పది అయిపోయిందమ్మా. నువ్వు బతికే ఉండావు గదా, నీది నిదానంగా చెక్కుదామనుకున్యా."

"బతికే ఉండానని నరాల డాక్టరు గూడా ఇప్పుడే చెప్పినాడులే. నన్నెట్ల చెక్కుతావప్పా?"

"ఆయప్ప కుర్చీలో, నువ్వు పక్కన చేతులు కట్టుకోని నిలబడేటట్లు. మీ కొడుకు అట్లే చెప్పినాడు."

"పెండ్లైన కాడ్నుంచి అట్లే నిలబడినా. ఇప్పుడు ఉత్త కుర్చీని చూసినా కాళ్లు వణుకుతాండాయి. మాత్రలు దానికే."

"అయితే నిన్ను తీసేద్దామా?"

"వద్దు. నా రాత ఆయప్ప రాసినాడు, నా రాయన్నా నాకియ్యి. నన్ను గూడా కూర్చోబెట్టు."

"నీది నిలువు రాయమ్మా. కూర్చోబెడితే సగం దండగ."

"ఇన్నాళ్లు నిలబడింది దండగ కాదా?"

"మీ కొడుకు అడిగితే?"

"రాయి పైభాగం పగిలిందని చెప్పు."

"సరే, ఆ స్టూలు మీద కూర్చోమ్మా. కొలత తీసుకుంటా."

ఆమె కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది.

"మగోళ్ల ముందర కూర్చున్నప్పుడు చేతులు యాడ పెట్టుకోవాలప్పా?"