జాలీకి అటువైపు

ఐర్లాండు పడమటి తీరాన ఒక పల్లె చర్చి. 1968, సెప్టెంబరు, శనివారం సాయంత్రం. పాపాలు చెప్పుకునే పాపసంకీర్తన గదిలో నడుమ ఫాదర్ టియర్నీ కూర్చున్నాడు. కుడివైపు జాలీ దగ్గర కోల్మన్ గాఫ్నీ, భార్య పోయిన రైతు. ఎడమవైపు జాలీకి చెక్క తలుపు వేసి ఉంది.

"నా భార్యను చంపింది ఈ గదే, ఫాదర్."

"కోల్మన్? నువ్వేనా? ముందు సిలువ గుర్తు వేసుకో. పాపసంకీర్తనానికి వచ్చి ఎంతకాలమైంది?"

"ఊనాను పూడ్చినప్పటి నుంచి రాలేదు. ఇప్పుడూ పాపాలు చెప్పుకోవడానికి రాలేదు."

"మరెందుకొచ్చావు?"

"నా కూతురి కోసం."

"గ్రాన్యా సంగతి నేను మాట్లాడను. ఈ గదిలో ఆమె ఏం చెప్పిందో, నేనేం చెప్పానో, అది ఆమెకీ నాకూ దేవుడికీ మధ్య..."

"మీరు మాట్లాడక్కర్లేదు. నేను చెబుతా. మొన్నటి కాన్పులో దాని గుండె ఆగినంత పనైంది. ఇంకో కాన్పంటే శవపేటిక సిద్ధం చేసుకోమన్నాడు డాక్టరు. బిడ్డలు పుట్టకుండా మాత్రలు రాసిచ్చాడు. చట్టం ఒప్పుకోదని, కాగితం మీద నెలసరి సరిచేసే మందని రాశాడు. తెలుసా మీకు?"

"తెలుసు."

"అలాంటి మాత్రలు పాపమని వేసవిలో పోపుగారి పత్రం వచ్చింది. మీరు పీఠం మీంచి చదివారు. అది విని, మీ దగ్గరికొచ్చి అడిగింది. మాత్రలు మానేదాకా పాపవిమోచనం లేదన్నారు. ఇంటికెళ్ళి పొయ్యిలో పారేసింది."

"పారేసిందా?"

"మరేం చేస్తుందనుకున్నారు? దాచుకుంటుందనా?"

"గొంతు తగ్గించు. బయట బెంచీల మీద సగం ఊరుంది. అవతలి వైపు కూడా ఎవరో వచ్చి మోకరించినట్టున్నారు."

"మోకరించనివ్వండి."

"చూడు కోల్మన్, నేను తపాలా మోసేవాడి లాంటివాణ్ణి. రోమ్ నుంచి వచ్చింది అందిస్తాను. అంతే."

"మన తపాలావాడు ఉత్తరంతోపాటు నరకం పంచడు."

"వేళాకోళం ఆపు. పోపుగారు చెప్పాక ఇందులో నేను చేసేదేముంది? ఆయన మాట కాదంటే ఇక మనం కేథలిక్కులం ఎలా అవుతాం?"

"మీ తాత కేథలిక్కు కాదా?"

"మా తాతెందుకొచ్చాడు మధ్యలో?"

"దొరల భూముల గొడవప్పుడు రోమ్ నుంచి హుకుం వచ్చింది. కౌలు ఎగ్గొట్టొద్దు, దొర మనుషుల్ని వెలేయొద్దు, పాపమని. పోపుగారి మాటే. అవునా?"

"అవును."

"మీ తాత కౌలు కట్టాడా?"

"అది వేరే..."

"కట్టాడా?"

"కట్టలేదు."

"మా తాతా కట్టలేదు. ఊళ్ళో ఒక్కడు కట్టలేదు. హుకుం విన్నారు, టోపీలు పెట్టుకున్నారు, ఇంటికెళ్ళి బంగాళాదుంపలు తిన్నారు. మళ్ళీ ఆదివారం పూజకొచ్చారు. ఎవడికీ సత్ప్రసాదం ఆగలేదు. మీ తాతని ఈ చర్చి గోడ పక్కనే పూడ్చిపెట్టారు, రాతి సిలువతో సహా. భూమి కోసమైతే పోపుని కాదనొచ్చు. ఆడదాని ప్రాణం కోసం కాదనకూడదు. ఇదేనా మీరు చదువుకొచ్చింది?"

"అది రాజకీయం. ఇది నీతి."

"అప్పటి హుకుంలోనూ నీతనే రాశారు."

"నీకెలా చెప్పను? పోపుగారు ఇందులో పొరపాటుకి తావే లేదని ప్రకటించే మాటలు వేరే ఉంటాయి. ఇది అలాంటిది కాదని రోమ్‌లోనే చెప్పారు. అయినా విధేయత అనేది..."

"ఆగండి. అలాంటిది కాదా? ఆ ముక్క పీఠం మీద చెప్పలేదే?"

"బిషప్ గారు చదవమన్నంత చదివాను."

"బడి మాస్టారి భార్యకి చెప్పారుగా."

"ఇంకొకరి సంకీర్తనం గురించి నేను..."

"ఆవిడే చెప్పింది గ్రాన్యాకి. కొట్లో, పంచదార తూస్తుండగా. ఫాదర్ నా మనస్సాక్షికి వదిలేశారమ్మా అని. చదువుకున్నవాళ్ళకి మనస్సాక్షి ఉంటుంది. పాలు పితికేవాళ్ళకి ఉండదు. వాళ్ళకి పోపు చాలు."

"నోరు అదుపులో పెట్టుకో కోల్మన్."

"ఊనాకీ ఇంతే జరిగింది."

"ఊనా రోజుల్లో నేనిక్కడ లేను."

"లేరు. ఊనా మాత్రలు అడగలేదు. అప్పుడవి లేవు. వేరే మంచం అడిగింది. డాక్టరే చెప్పాడు, ఇక చాలమ్మా, విడిగా పడుకో అని. మొగుడికి దూరంగా ఉండటం పాపమన్నాడు మీ ముందరి ఫాదర్. పోపుగారి మాటన్నాడు."

"ఆవిడ అడగడమెందుకు? వేరే మంచం నువ్వే వేసుకోవచ్చుగా?"

"వేసుకున్నాను. వంటింట్లో, పొయ్యి పక్కన. అది లేచి వచ్చింది. ఏడుస్తూ వచ్చింది. నరకానికి పోతానని భయపడి వచ్చింది. ఆ తర్వాతి కాన్పులోనే పోయింది."

"నాకు తెలియదు, కోల్మన్."

"ఇప్పుడు తెలిసింది. ఇక గ్రాన్యా. దాని మొగుడు మంచివాడే. ఊనా మొగుడూ మంచివాడే."

"నన్నేం చేయమంటావు?"

"ఒక్క మాట చెప్పండి. పోపుని కాదంటే నా కూతురు కేథలిక్కా, కాదా?"

"తేలిగ్గా కాదనకూడదు. ప్రార్థన చేసుకోవాలి. ఆలోచించుకోవాలి. అప్పటికీ మనసు ఒప్పుకోకపోతే..."

"ఒప్పుకోకపోతే?"

"కాదన్నంత మాత్రాన వెలి కాదు."

"గట్టిగా చెప్పండి."

"నీ చెవులకేం? సంతలో నాలుగు దొడ్ల అవతలి బేరం వింటావు."

"ఇక్కడ వినపడదు. గట్టిగా."

"గ్రాన్యా కేథలిక్కే. ఆ మాత్రలు వేసుకున్నా కేథలిక్కే. పిల్లల కోసం బతకాలనుకోవడాన్ని నేను పాపమనను. చాలా?"

"పాపవిమోచనం?"

"ఇస్తాను. కానీ ఈ మాట ఈ గది దాటిందంటే బిషప్ గారు నన్ను ఏదో దీవికి పంపేస్తారు, గొర్రెలకి పూజ చెప్పుకోమని."

"గది దాటదు. ఆ రెండో తలుపు తీయండి."

"ఏ తలుపు?"

"మీ ఎడమచేతి వైపుది."

"ఏం చేశావు కోల్మన్? ఎవరక్కడ?"

"నేనే, ఫాదర్."

"గ్రాన్యా! ఎప్పటినుంచి..."

"నాన్న మాత్రల సంగతి చెబుతున్నప్పటి నుంచి. నాన్న ఇక్కడ మోకరించి కదలొద్దన్నాడు. మొన్న ఇదే జాలీలోంచి నాకు పాపమన్నారు. ఇప్పుడు అటువైపు నాన్నకి కాదన్నారు. నేను ఏ వైపు మాట నమ్మాలి?"

"ఇప్పుడు చెప్పింది. మొన్న... మొన్న నేను భయపడ్డాను, తల్లీ."

"నేనూ భయపడ్డాను. మా ఇంట్లో చిన్నదానికి ఇంకా నడక రాలేదు, ఫాదర్."

"తెలుసు."

"రేపు పూజలో సత్ప్రసాదం ఇస్తారా? మాత్రలు పారేసినా మళ్ళీ మీ ముందుకు రావడానికి భయమేసింది. అందరూ లేచి వెళ్తుంటే నేనొక్కదాన్నే బెంచీలో మిగిలిపోతున్నాను. ఊరంతా నావైపే చూస్తోంది."

"రా. ఇస్తాను."

"మళ్ళీ బిషప్ గారి దగ్గర్నుంచి ఏదైనా వస్తే?"

"వచ్చినా ఇస్తాను. అందరి ముందు."

"అయితే సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తాను, నాన్నా."

"సోమవారం కాదు. ఇప్పుడే. డాక్టరు ఇంట్లోనే ఉన్నాడు, కనుక్కున్నాను. ఫెస్టస్ బయట ట్రాక్టరు మీద ఉన్నాడు."

"ఆయనకి ముందే తెలుసా?"

"మొగుడికి తెలియకుండా ఎలా? వెళ్ళు."

"నువ్వూ రా నాన్నా."

"వస్తా. పద."

"కోల్మన్, ఒక్క నిమిషం. ఆమెని వెళ్ళనీ. రేపు నువ్వూ పూజకి రా. ఇన్నేళ్ళయింది. నువ్వు అడిగింది చెప్పానుగా. ఇప్పటికైనా మనసు కుదుటపడలేదా?"

"పోపు మాటంటే గోడ అనుకున్నాను, ఫాదర్. ఎవడూ దాటలేని గోడ. ఊనా దానికి తల కొట్టుకుని పోయిందనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ గోడనే తిట్టాను. గోడ లేదు. తలుపుంది. నేను నాలుగు మాటలు గట్టిగా అడిగేసరికి మీరు తీశారు. ఆ రోజు మీ ముందరి ఫాదరూ తీసేవాడేమో. నేను అడగడానికి రాలేదు. పొయ్యి పక్కన పడుకున్నాను."

"కోల్మన్, అది నీ తప్పు..."

"చాలు. ఈ సంగతి మళ్ళీ నాతో ఎత్తకండి. నేనూ ఎత్తను, చచ్చేదాకా. జాలీ మూసేయండి."