కిటికీ కింద బండి

ఇంటి ముందు వరండా, పక్కగదిలోంచి అందులోకి తెరుచుకునే ఓ కిటికీ. కిటికీ అవతల మంచం మీద ఆవిడ. ఇవతల ఆవిడ మొగుడు, టైలరు. ఆవిడ తమ్ముడు, కరెంటు పనివాడు. ఇద్దరి మధ్యా ఆవిడ బండి, ముందుకు వంగి తోలే చిన్న రేసు బైకు. పొద్దున్నే బావకీ బావమరిదికీ మాట పెరిగింది, అదీ గొంతు పెంచకుండా.

"తాళం ఇవ్వను."

"బావా, నీ ఆస్తి రాసిమ్మన్నానా నేను? బండి తాళమేగా అడిగింది!"

"మెల్లగా మాట్లాడరా. మీ అక్కకి ఇప్పుడే కాస్త కునుకు పట్టింది."

"మెల్లగానే అడుగుతున్నా. నా బండి మూలపడింది బావా. కొన్నాళ్ళు వాడుకుని—"

"నీ బండి నిన్న సాయంత్రం మా షాపు ముందు నుంచే వెళ్ళింది. మీదున్నది నువ్వే. పైగా నన్ను చూసి హారన్ కూడా కొట్టావు."

"...కొట్టానా?"

"కొట్టావు. టైలర్నిరా నేను. మనిషి గుమ్మంలోకి రాగానే నడుము కొలత చెప్పేస్తా. నీ అబద్ధం కొలత తెలీదా నాకు?"

"సరే, అబద్ధమే. ఒప్పుకున్నా. కానీ నీకెందుకు బావా ఈ బండి? నీకు సైకిలే సరిగ్గా రాదు."

"నాకోసం కాదు. మీ అక్క కోసం. లేచాక ఎక్కాలి కదా."

"లేచాకా?"

"ఊ."

"బావా..."

"ఆ టూత్‌బ్రష్ కిరసనాయిల్లో ముంచి ఇటివ్వు. నువ్వు వెనక చక్రం తిప్పు. అలా కాదు, మెల్లగా. వేళ్ళు జాగ్రత్త, చైనులో పడ్డాయంటే రేపట్నించి స్విచ్చులు బిగించేది మోచేత్తోనే."

"చైను అద్దంలా మెరుస్తోంది, ఇంకా ఏం తోముతావు? మొన్నేగా తోమావు! రోడ్డెక్కని బండికి మురికెక్కడిది?"

"దుమ్ము పడుతుంది."

"దుమ్మా! దానికి కోటు కుట్టావు కదా బావా. లోపల మెత్తటి లైనింగు, అద్దాలకి విడిగా రెండు టోపీలు. పెళ్ళికొడుక్కి కూడా అంత శ్రద్ధగా కుట్టి ఉండవు నువ్వు."

"పెళ్ళికొడుకు ఒక్కరోజే తొడుక్కుంటాడు."

"ఏమండీ! ఎవరండీ వచ్చింది?"

"చూశావా, లేపేశావు. నీ తమ్ముడేనోయ్!"

"వాడికి టీ ఇచ్చారా?"

"ఇస్తానుండు! చైను తోముతున్నా!"

"ఏ నూనె వేస్తున్నారు?"

"అబ్బబ్బా, ఆ సంగతి వదలవు కదా నువ్వు!"

"ఒరేయ్ చిన్నోడా, మొదటిసారి మీ బావ నా చైనుకి ఏం వేశారో తెలుసా? కుట్టు మిషను నూనె! బడిలో పాఠాలు చెప్పి వానలో తిరిగొచ్చేసరికి వీధి కుక్కలన్నీ నా వెనకే. చైను అలా కీచుమంటోంది మరి!"

"ఆ నూనెతో నా మిషను ఇప్పటికీ చిలకలా పలుకుతోంది!"

"మీ మిషను నీడపట్టున కూర్చుంటుందండీ. నా బండి వానలో తిరుగుతుంది. చైను వదులుగా ఉందేమో చూశారా?"

"చూశా. టేపు పెట్టి కొలిచా. నువ్వు చెప్పినంతే ఊగుతోంది."

"టేపు పెట్టా! ఒరేయ్, విన్నావా? ఇంకో వారం పోతే దానికి చొక్కా కుట్టేస్తారు ఈయన!"

"ఇప్పటికే కోటు కుట్టాడక్కా!"

"ఏమండీ..."

"ఆ?"

"నన్నెప్పుడు ఎక్కిస్తారు దాని మీద?"

"ముందు కాళ్ళల్లో బలం రానీ. ఎక్సర్‌సైజులు మానకు. ఈ వానలు తగ్గేసరికల్లా నువ్వు ముందు, నేను వెనక. ఎంత దూరం వెళ్దామంటే అంత దూరం."

"మాట తప్పరుగా?"

"నేనెప్పుడు తప్పానోయ్?"

"సరే అయితే."

"కాసేపు పడుకో మరి. పడుకో."

"ఒరేయ్, ఆపేశావేం? అలా చూడకు. చక్రం తిప్పు."

"ఎలా చెప్పగలుగుతున్నావు బావా? నవ్వుతూ, తడుముకోకుండా! హాస్పిటల్లో డాక్టరు బయటికి పిలిచి చెప్పినప్పుడు నేనూ నీ పక్కనే ఉన్నా. వెన్నులో గడ్డ తీసేశాం, ప్రాణానికి భయం లేదు, నడుము కింద మాత్రం ఇక చలనం రాదు అన్నాడు. ఆలస్యంగా వస్తుంది అనలేదు. రాదు అన్నాడు."

"నాకూ చెవులున్నాయి."

"మరి?"

"మరేంటి మరి? ఆపరేషనయ్యాక కళ్ళు తెరిచి మొట్టమొదట ఏమడిగిందో తెలుసా మీ అక్క? నేను తిన్నానా అనీ కాదు, తనకేమైందనీ కాదు. బండి వానలో తడుస్తోందా అని అడిగింది. అలాంటి మనిషి మంచం పక్కన కూర్చుని ఏం చెప్పమంటావు నన్ను? నీ నోటితో నువ్వు చెప్పగలవా? వెళ్ళు, కిటికీ తీసే ఉంది, వెళ్ళి చెప్పిరా."

"నేనా..."

"చెప్పలేవు. నేనూ చెప్పలేను. ఈ బండి ఇక్కడ కనిపిస్తున్నంతకాలం మీ అక్క లేస్తాననే అనుకుంటుంది. ఇది ఆ గేటు దాటిన క్షణం తెలిసిపోతుంది, ఇక లేవలేనని. తెలిసిపోయాక ఆ మనిషి మనిషిలా ఉంటుందా? అందుకే ఇవ్వను. ఇవ్వనంటే ఇవ్వను. నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా ఇవ్వను."

"అందుకేనా రోజూ పొద్దున్నే స్టార్ట్ చేస్తున్నావు?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? వీధి మొదట్లో పాలవాడు కూడా చెప్తున్నాడు, మీ బావ బండికి పిచ్చెక్కింది అని. బ్యాటరీ కోసమైతే చెప్పు, చిన్న చార్జరు తెచ్చి గోడకి బిగించి వెళ్తా. హాయిగా ఉంటుంది."

"చార్జరు వద్దు."

"ఏం?"

"చప్పుడు రాదు దానికి. చప్పుడు రావాలి. మీ అక్క వినాలి."

"విననీ. మరీ అంత రేజ్ ఎందుకు? నిలబడ్డ బండిని అలా అరిపిస్తే ఇంజను పాడైపోదూ?"

"ఏం పాడవదు. నువ్వు కరెంటోడివి, నీకేం తెలుసు ఇంజను సంగతి?"

"నువ్వు టైలరువి, నీకు తెలుసా?"

"మీ అక్క నేర్పింది నాకు. ఇదిగో ఇంజను పక్కనున్న ఈ గాజుకన్నులోంచి ఆయిలు ఎంతుందో చూడాలి, బండి నిటారుగా పట్టుకుని. చైనుకి పెట్రోలు తగలనివ్వకూడదు, లోపలి రబ్బరు రింగులు తినేస్తుంది. ఒకేచోట నిలబెడితే టైరు అణిగిపోతుంది, కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతుండాలి. అన్నీ నేర్పింది, తోలడం తప్ప."

"నేర్చుకో మరి. నేను నేర్పుతా. అక్కని వెనకాల కూర్చోబెట్టుకుని..."

"వెనకాలా? ఏది, ఆ సీటు చూడు ఓసారి. పిల్లి కూర్చునే పిట్టగోడలా లేదూ? పట్టుకోడానికి కొక్కెం కూడా లేదు. కాళ్ళల్లో పట్టులేని మనిషి అక్కడ ఎలా కూర్చుంటుందిరా?"

"అవున్లే. ఏదో అనేశాను."

"నాకు ముందు సీటు ఎప్పుడూ వద్దురా. గుడ్డల మూట ఒళ్ళో పెట్టుకుని, మార్కెట్టు నించి ఆ పిట్టగోడ మీదే వచ్చేవాణ్ణి. అందరూ ఒకటే నవ్వు, పెళ్ళాం తోలుతుంటే మొగుడు వెనకాల అని. మా షాపు పక్క మంగలి అయితే కత్తెర వదిలేసి మరీ బయటికొచ్చేవాడు చూడ్డానికి. నాకేం సిగ్గు లేదు. గతుకు రాబోయే ముందు ఎడంచెయ్యి వెనక్కి పెట్టి నా మోకాలు ఇలా తట్టేది, గట్టిగా పట్టుకోండి అని. ఇక నాకు రోడ్డు చూడాల్సిన పనే ఉండేది కాదు. తన వీపు చాటున కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. అంత నిశ్చింతగా మా అమ్మ ఒళ్ళో కూడా పడుకుని ఉండను."

"బావా, ఏడవకు."

"ఎవడేడుస్తున్నాడు? కిరసనాయిలు ఘాటురా. ఆ గుడ్డ ఇటు పడెయ్."

"బావా, నీకో మాట చెప్పాలి. చెప్పకూడదనుకున్నా. చెప్పకపోతే నువ్వు తాళం ఇచ్చేలా లేవు."

"చెప్పినా ఇవ్వను."

"బండి తీసుకెళ్ళమని నన్ను పంపిందెవరనుకుంటున్నావు?"

"ఇంకెవరు, మీ నాన్న. ఆయనకి మొదట్నించీ పడదు ఈ బండంటే."

"కాదు."

"అయితే మీ ఆవిడ."

"కాదు బావా. అక్క."

"ఏ అక్క?"

"నాకెంతమంది అక్కలున్నారు బావా?"

"మీ అక్కా? ఎప్పుడు?"

"నిన్న నువ్వు షాపుకెళ్ళాక ఫోన్ చేసింది. రేపు పొద్దున్నే వచ్చి బండి తీసుకుపో, ఏం చేసుకున్నా నీ ఇష్టం, అమ్మినా నాకు చెప్పకు అంది. మీ బావ ఓ పట్టాన ఇవ్వరు, నీ బండి మూలపడిందని చెప్పు అంది. ఆ అబద్ధం కూడా నాది కాదు, అక్కదే."

"నువ్వు చెప్పేశావా మీ అక్కకి? డాక్టరు అన్నమాట చెప్పేశావా?"

"లేదు బావా."

"నువ్వే చెప్పుంటావు. నువ్వు కాకపోతే మీ అమ్మ. ఎవరో ఒకరు..."

"నీ మీద ఒట్టు బావా, ఎవ్వరం చెప్పలేదు. తన కాళ్ళ సంగతి తనకి తెలీదా? ఆ మధ్య వేడి టీ గ్లాసు కాళ్ళ మీద ఒలికిందట. దుప్పటి తడిసి చేతికి తగిలితే గానీ తెలియలేదట అక్కకి."

"టీ?"

"నీకు చెప్పలేదా?"

"నీళ్ళు ఒలికాయంది. దుప్పటి నేనే మార్చాను. మరక చూసి కూడా... నీళ్ళే అంటే నీళ్ళే అనుకున్నాను."

"అనుకున్నావో, అనుకోవాలనుకున్నావో."

"మరి రోజూ అడుగుతుంది కదరా, నన్నెప్పుడు ఎక్కిస్తారు అని! ఇందాక కూడా అడిగింది. నువ్వూ విన్నావు కదా!"

"నీకోసం అడుగుతోంది బావా. వానలు తగ్గేసరికల్లా అని నువ్వు చెప్పుకోవాలి కదా. చెప్పాక నీ ముఖం కాస్త తేటపడుతుందట. అందుకని అడుగుతోంది."

"అంటే ఇన్నాళ్ళూ... నేను మీ అక్కని..."

"అవును. నువ్వు అక్కని మభ్యపెడుతున్నావు, నిన్ను అక్క."

"ఏమండీ! గుసగుసలు అయ్యాయా?"

"నువ్వు... నువ్వు పడుకోలేదూ?"

"నా కిటికీ కింద కూర్చుని నా సంగతే మాట్లాడుకుంటుంటే నిద్రెలా పడుతుందండీ? ఒరేయ్ చిన్నోడా, నీ నోట్లో నువ్వుగింజ నానదు కదరా!"

"ఏం చెయ్యనక్కా? బావ చూస్తే తాళం ఇవ్వడు."

"ఇచ్చెయ్యండి వాడికి."

"ఇవ్వను. చూస్తే నీకు బాధగా ఉంటే చెప్పు, వెనక వైపు పెట్టేస్తా. నీ కంటికి కనపడనివ్వను. గేటు మాత్రం దాటనివ్వను."

"నా బండి చూస్తే నాకు బాధేంటి? మీకన్నా ముందు వచ్చింది అది నా జీవితంలోకి. మొదటి జీతాలు కూడబెట్టి కొనుక్కున్నాను."

"మరెందుకు పంపేస్తున్నావు?"

"ముందు ఇది చెప్పండి. రోజూ పొద్దున్నే అంత రేజ్ ఎందుకు చేస్తున్నారు?"

"బ్యాటరీ..."

"బ్యాటరీకి అంత అక్కర్లేదు. నా బండి సంగతి నాకే చెప్తారా?"

"నీకు వినపడాలని."

"కిటికీ పక్కనే మంచం. నాకు వినపడ్డానికి వీధి చివరిదాకా వినపడాలా? మొన్న పెట్రోలు అయిపోయి, రేజ్ చేస్తుండగానే ఠక్కున ఆగిపోయింది కదా?"

"ఊ."

"బండి ఆగింది. మీ ఏడుపు ఆగలేదు."

"విన్నావా?"

"విన్నాను. ఇది ఇక్కడుంటే జీవితాంతం దీని చప్పుడు చాటునే ఏడుస్తారు మీరు. లోపలికి రారు, నా దగ్గర కూర్చోరు. అందుకే పంపేస్తున్నా."

"అప్పుడే పిలవొచ్చు కదా నన్ను? ఒక్క కేక వేస్తే వచ్చేవాణ్ణి కదా!"

"పిలవాలంటే నోరు తెరవాలి కదండీ. మీరు రేజ్ చేసినంతసేపూ ఇవతల నేనూ ఏడుస్తూనే ఉంటానండీ, రోజూ. ఆ రోజు బండి ఆగగానే నేను దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. మీకే చేతకాలేదు."