స్వామి ముడుపుకు వడ్డీ

తమిళనాడులోని ధర్మపురి, 1986. వెంకటేశ్వరస్వామికి మొక్కులు చెల్లించే పెరటాసి నెలలో ఒక శుక్రవారం సాయంత్రం. తెల్లవారితే తిరుపతి ప్రయాణం. సీనప్ప ఇంటి నడవలో అతనూ, భార్య గోపమ్మా, ఆమె తమ్ముడు జయరామా ఉన్నారు.

"థూ! ఆ ఫైనాన్సు కంపెనీ పేరు మళ్లీ ఎత్తొద్దు జయరామా. నోరంతా చేదెక్కుతా ఉండాది."

"నేనెక్కడ ఎత్తినాను బావా? మీరే కదా అడిగినారు."

"నేను అడిగింది స్వామి ముడుపు. రెండువేలు. తెచ్చినావా, లేదా?"

"తెచ్చేదానికే పోయినాను. ఆఫీసుకు బీగం వేసి ఉండాది."

"బీగమా! ఎప్పట్నుంచి?"

"మొన్న... మొన్న కాదు. పోయిన వారం అనుకుంటా."

"అనుకుంటావా? ఏజెంటు కమీషన్ తీసుకునేటప్పుడు గూడా అనుకున్నావా, లెక్కపెట్టుకున్నావా? థూ!"

"ఇంట్లో ఉమ్మొద్దండి. దీపం వెలుగుతా ఉండాది."

"నువ్వు ఊరుకో గోపమ్మా. నీ తమ్ముడు చేసిన పని చూడు."

"నా తమ్ముడే. ఇచ్చింది మాత్రం మీ చేత్తోనే."

"ఊరికే ఇచ్చినానా? ఎన్ని మాటలు చెప్పినాడు! ఏమిరా, ఆ పొద్దు చెప్పినవి మళ్లీ చెప్పు. అసలంటే ఏమి? వడ్డీ అంటే ఏమి?"

"ఇప్పుడెందుకు బావా అదంతా?"

"చెప్పు. వినల్లని ఉండాది."

"అసలంటే చింతచెట్టు. వడ్డీ అంటే ఏటేటా రాలే కాయ. కాయ మనము తింటాము, చెట్టు అట్లే నిలబడి ఉంటాది. డిపాజిట్ అంటే ఆ చెట్టును ఇంకొకరి చేతికి అప్పజెప్పేది. గడువు తీరిందాకా మనము దాన్ని ముట్టకూడదు."

"ఇంకేమో చెప్తివే. చక్రవడ్డీ."

"కాయ తినకుండా విత్తనం వేస్తే, అదీ చెట్టయి, దానికీ కాయ కాచేది."

"మేము విత్తనం వెయ్యలేదు. తింటిమి."

"గోపమ్మా!"

"ఉండే మాటే కదా. మన సరసుకు కామెర్లు ముదిరి, డాక్టరు చెయ్యి వదిలేస్తే, బిడ్డను కాపాడు సామీ, ఈ ఏటి చింతపండు డబ్బంతా నీకేనని ముడుపు కడితిమి. పసుపు గుడ్డలో కట్టింది కొండ మీదనే విప్పల్ల. మీరు ఇంట్లోనే విప్పినారు."

"ఊరికే విప్పేసినానా? గుడ్డ వట్టిగా ఉండకూడదని ఒక రూపాయి పెట్టి మళ్లీ ముడి వేసినాను. అసలు నీది, వడ్డీ సంసారానిది అని స్వామికి దండం పెట్టి చెప్పుకున్నాను గూడా."

"వడ్డికాసులవాని సొమ్ముకు వడ్డీ మనము తినొచ్చునా అని ఆ పొద్దే అడిగితిని. మొక్కుకున్నది చింతపండు డబ్బే గాని దాని వడ్డీ కాదంటిరి."

"పోనీలే, పోస్టాఫీసులో వేసి ఉంటే ఈ పీడ ఉండేది కాదు."

"అదీ చెప్పితిని. పోస్టాఫీసు వడ్డీ చారెడు, వీళ్లది గంపెడు, ఆడదానికి ఏం తెలుసంటిరి."

"ఆ మేనేజరు సుందరరాజన్‌ను చూస్తే ఎవరు నమ్మరు? నొసట నామము, మేజా మీద స్వామి పటము, శనివారమైతే ఒంటిపొద్దు. ఛీ! నామం పెట్టుకొని చేసే పనా ఇది?"

"నూటికి నెలకు పది రూపాయలు ఇయ్యల్లంటే ఏ వ్యాపారం చేస్తాడని మనము ఎవరమూ అడగలేదు బావా."

"ఏజెంటువి నువ్వు! నువ్వు అడగల్ల!"

"ఒకసారి అడిగినాను. అంతా స్వామి కృప అన్నాడు."

"దానికి నువ్వేమంటివి?"

"నేనా... దండం పెట్టుకొని వచ్చేస్తిని."

"కర్మ! రేపు సరసుకు గుండు కొట్టించి, హుండీ ముందర వట్టి చేతులతో నిలబడమంటావా? దక్కిన బిడ్డరా అది. ముడుపు చెల్లించకపోతే మళ్లీ ఏమన్నా అయితే?"

"అట్లా అనొద్దండి. దీపాల వేళ."

"అనకుండా ఏం చేసేది? ఇదో, ఈ పసుపు గుడ్డ ముట్టి చెప్తా ఉండాను. స్వామి సొమ్ము తిన్నవాడు ఎవడో, వాని మొగాన ఉమ్మిందాకా నేను కొండెక్కను!"

"అయ్యో బావా, ఒట్టు వెయ్యొద్దు!"

"ఏం? నీకెందుకు అంత నొప్పి? ఆ సుందరరాజన్ ఎక్కడ ఉండాడో నీకు తెలుసు కదా?"

"అది కాదు బావా..."

"తెలుసునా, తెలియదా?"

"తెలుసు. సేలంలో, మామగారింట్లో. నిన్న పోయి చూసినాను."

"దొరికినాడా! మరి ఇంతసేపూ బీగం కథ చెప్తివే. ఒంటిగానే పోయినావా?"

"మహేంద్రమంగళం పచ్చయమ్మాళ్ గూడా వచ్చింది. మేకలన్నీ అమ్మి పోయిన నెలనే కట్టింది, పాపం. ఒక్క నెల వడ్డీ గూడా చూడలేదు. వాళ్ల వాకిట్లో నిలబడి, నాశనమైపో అని వాని మీద మన్ను తీసి పోసింది."

"మంచి పని చేసింది! నువ్వు గూడా పొయ్యల్ల."

"వంగినాను. మన్ను తీసినాను. అప్పుడు నన్ను చూసి అడిగినాడు, మీ బావకు నేను ఎంత బాకీ అని."

"రెండువేలు!"

"నేనూ అదే అంటిని. ఇంతవరకూ వడ్డీ ఎంత తీసుకున్నారు అన్నాడు."

"నెలకు రెండునూర్లు. పది నెలలు. దాన్ని ఎందుకు అడుగుతాడు వాడు?"

"అది రెండువేలు బావా."

"అది వడ్డీరా! అసలు వేరే!"

"కాయ కాచే చెట్టు ఎక్కడా లేదు బావా. వ్యాపారమూ లేదు, ఏమీ లేదు. మీ బావ చెట్టునే కొమ్మ కొమ్మ నరికి, కాయ అని చెప్పి ఆయనకే ఇస్తా వచ్చినాను, ఆఖరి కొమ్మ గూడా ఇచ్చేసినాను, ఇంక బాకీ లేదు అన్నాడు. పచ్చయమ్మాళ్ లెక్క మాత్రం ఎత్తలేదు. నా చేతిలో మన్ను అట్లే ఉండిపోయింది."

"అట్లయితే... ఆ వడ్డీతో కొన్న కుక్కరు?"

"స్వామి డబ్బే."

"ఈ వాచీ?"

"అదీ అంతే బావా."

"ఆడి పద్దెనిమిది పండగకు హొగేనక్కల్ జలపాతానికి పోతిమే. మీరు ఒళ్లంతా నూనె రుద్దించుకుంటిరి. పుట్టి ఎక్కితిమి. ఏటి ఒడ్డున కూర్చొని వేయించిన చేపలు తింటిమి. వడ్డీ డబ్బే కదా, ఇంకో రెండు పెట్టించు అంటిరి."

"ఊరుకో గోపమ్మా. నువ్వు తినలేదా?"

"తింటిని. నేనూ తింటిని."

"ఇప్పుడెట్ల? ఉమ్మందే కొండెక్కనని గుడ్డ ముట్టి ఒట్టు పెడితినే!"

"ఉండండి, అద్దం తెస్తాను. ఇద్దరి మొగాలూ పట్టే పెద్దదే తెస్తాను."